ఏథెన్సు సభయు మన సంఘమును
(గ్రీకు జ్ఞానము మనకు విడిచిన స్వాస్థ్యము)

శతవార్షికోత్సవ సమయమున మన పితరులను, మిషనెరీలను, మొదటి తెలుగు గురువులను, గ్రామ ఉపదేశకులను కృతజ్ఞతతో స్మరించుట మన ధర్మము. వారితోపాటు మనకు స్వాస్థ్యము విడిచిన ఒక ప్రాచీన జాతిని గూర్చియు ఈ వ్యాసములో కొంత చెప్పదలచితిని. ఆ జాతి గ్రీకులు. వారి పేరు మనకు పౌలు పత్రికలలో తరచుగా వినబడును గాని, వారి మాటలు అనుదినము మన నోట ఉన్నవని మనలో అనేకులు ఎరుగరు.

"బిషప్పుగారు" అని మనము పిలుచునప్పుడు పలుకుచున్నది గ్రీకు మాటయే. పైనుండి కనిపెట్టి చూచువాడు, అనగా అధ్యక్షుడు అని దాని భావము. డీకను అనగా పరిచారకుడు. ప్రెస్బిటరు అనగా పెద్ద. సినడు అనగా కలిసి ఒక మార్గమున నడచుట. బైబిలు అనగా పుస్తకములు. క్రీస్తు అను నామము సైతము అభిషిక్తుడు అను అర్థముగల గ్రీకు పదము. హెబ్రీయుల మెస్సీయకు అది అనువాదము. మనము పండుగ చేసికొనుచున్న డయోసీస్ అను మాటకు మూలార్థము ఇల్లు చక్కబెట్టుట, గృహనిర్వాహకత్వము. ఇన్ని మాటలు ఒక జాతి యొద్దనుండి పుచ్చుకొనినవారము, ఆ మాటలతోకూడ ఏయే తలంపులు మన ఇంటిలోనికి వచ్చెనో, వాటిలో ఏది ఉంచుకొనవలెనో, ఏది విడువవలెనో విచారించుట అవసరము కాదా?

కృష్ణాతీరమున యవనులు

గ్రీకులు మన ప్రాంతమునకు మిషనెరీల గ్రంథములద్వారానే పరిచయమైరని తలంచరాదు. క్రీస్తు శకము మొదటి శతాబ్దమున ఐగుప్తులో నివసించిన ఒక గ్రీకు వర్తకుడు ఎర్రసముద్రపు ఓడ ప్రయాణములను గూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాసెను. అది పెరిప్లస్ అను పేరుతో ప్రసిద్ధము. అందులో మసాలియా అను తీరదేశము పేర్కొనబడినది. అక్కడ సన్నని నూలుబట్టలు విస్తారముగా నేయబడునని అతడు వ్రాసెను. అది మన మచిలీపట్నము ప్రాంతమేనని చరిత్రకారుల అభిప్రాయము. రెండవ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమందుండిన టాలమీ తన భూగోళ గ్రంథములో మైసోలస్ అను నదిని, దాని సమీపమున కొంటకొస్సిల అను వర్తకస్థానమును చెప్పెను. ఆ నది మన కృష్ణ. ఆ వర్తకస్థానము మన ఘంటసాల. ప్రాచీన శాసనములలో ఆ ఊరి పేరు కంటకసెల. అక్కడ బయల్పడిన బౌద్ధ శిల్పములు కొన్ని నేడు ప్యారిసు నగరములోని గీమే మ్యూజియములో ఉన్నవి.

కృష్ణకు ఎగువనున్న నాగార్జునకొండలోను, గుంటూరు సీమలోని వినుకొండలోను రోమా చక్రవర్తుల బంగారు నాణెములు దొరికెను. నాగార్జునకొండ శిల్పములలో పానపాత్రగా కొమ్మును చేతబట్టుకొనిన ఒక పురుషుడు చెక్కబడియున్నాడు; గ్రీకుల మద్యదేవత డయొనీససుతో పండితులు అతనిని పోల్చిరి. పడమటి కనుమలలోని బౌద్ధ గుహలకు దానములిచ్చిన యవనుల పేర్లు అచ్చటి శాసనములలో నేటికిని చదువవచ్చును. అయోనియా అను గ్రీకు సీమ పేరునుండియే యవనులు అను మాట వచ్చినది. హైదరాబాదులో చార్మినారు ప్రక్కనున్న యునానీ ఆసుపత్రిని చూచినవారు, ఆ "యునానీ" కూడ ఆ సీమ పేరేనని గుర్తింపవలెను. గ్రీకు వైద్యము అరబ్బుల చేతులమీదుగా దక్కనునకు వచ్చి ఆ పేరుతోనే నిలిచినది.

సరకులతోకూడ మాటలును వచ్చినవి. జ్యోతిషములోని హోర గ్రీకు మాట. గడియ, సమయము అని దాని అర్థము. ఆరవ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు యవనుల జ్ఞానమును గౌరవముతో పేర్కొని, వారి పదములనేకము వాడెను. వాటిలో కేంద్రము ఒకటి. మనము దినమును కేంద్ర ప్రభుత్వమనియు, పరీక్షా కేంద్రమనియు అనుచున్నాము గదా, దాని మూలము "కెంట్రోన్" అను గ్రీకు పదము. వాడియైన మొన అని దాని తొలి అర్థము. వృత్తము గీయుటకు నడుమ గ్రుచ్చు మొన గనుక నడిమి బిందువునకు ఆ పేరు వచ్చెను. అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయములో పౌలు తన మారుమనస్సును గూర్చి చెప్పుచు మునికోలలను ప్రస్తావించును. ఆ మునికోలకు గ్రీకులో ఉన్న మాట ఇదే. మన రైతు ఎద్దును అదలించిన ములుకోలయు, ఢిల్లీలోని కేంద్రమును ఒకే మాటకు పుట్టిన బిడ్డలు!

ఏథెన్సు జ్ఞానులు

ఈ గ్రీకులు లోకమునకిచ్చిన ముఖ్యమైన కానుక ప్రశ్న వేయుట. క్రీస్తుకు ఆరువందల సంవత్సరముల క్రిందట మిలేతు పట్టణస్థుడైన థేలీసు, సృష్టి అంతటికి మూలమేమని పురాణ కథల ప్రమేయము లేకుండ విచారించెను. ఆ మిలేతు రేవునందే తరువాత పౌలు ఎఫెసు పెద్దలకు కన్నీటితో వీడ్కోలు చెప్పెను. సోక్రటీసు ఏథెన్సు బజారులలో తిరుగుచు, న్యాయమనగా ఏమి, ధైర్యమనగా ఏమి అని పెద్దలను, యౌవనులను అడుగుచుండెను. పట్టణపు దేవతలను అంగీకరింపలేదనియు, యౌవనులను చెరుపుచున్నాడనియు నేరము మోపి క్రీ.పూ. 399లో ఆయనకు మరణశిక్ష విధించిరి. పారిపోవుటకు స్నేహితులు ఏర్పాటు చేసినను ఆయన సమ్మతింపక విషపాత్ర త్రాగెను. సత్యము నిమిత్తము ప్రాణము విడుచుట ఎట్టిదో ఎరిగిన సంఘము ఆయనను గౌరవించుటలో ఆశ్చర్యము లేదు. రెండవ శతాబ్దపు హతసాక్షియైన యుస్తీను, క్రీస్తుకు ముందే వాక్యము ననుసరించి బ్రదికినవారిలో సోక్రటీసును చేర్చెను.

ఆయన శిష్యుడు ప్లేటో. కనబడు వస్తువులు నశించునవి, వాటికి వెనుకనున్న కనబడని రూపములే నిత్యమైనవి అని ఆయన బోధ. ప్లేటో శిష్యుడు అరిస్టాటిలు. మొక్కలు, జంతువులు, తర్కము, రాజ్యాంగము, నాటకము మొదలుకొని ఆయన పరిశీలింపని విషయము అరుదు. వారి తరువాత జెనో స్థాపించిన స్తోయికుల మతము, ఎపికూరు స్థాపించిన ఎపికూరీయుల మతము వ్యాపించెను. ఒకే వాక్కు, ఒకే బుద్ధి విశ్వమంతటిని ఏలుచున్నదనియు, మనుష్యులందరు ఒకే పట్టణపు పౌరులనియు స్తోయికులు చెప్పిరి. ఎపిక్టేటసు అను దాసుడును, మార్కస్ ఔరేలియస్ అను చక్రవర్తియు ఆ ఒక్క మతమునకే చెందినవారు. కొరింథులో పౌలును విమర్శకు తెచ్చినప్పుడు న్యాయపీఠముపై కూర్చున్న గల్లియోను, స్తోయికులలో ప్రఖ్యాతుడైన సెనెకాకు స్వయాన అన్న.

ఓడరేవుల భాషలో సువార్త

అలెగ్జాండరు క్రీ.పూ. 323లో మరణించిన తరువాత గ్రీకు భాష తూర్పు మధ్యధరా దేశములన్నిటికిని సామాన్య భాష ఆయెను. మూడవ శతాబ్దమునుండి అలెగ్జాండ్రియాలోని యూదులు ధర్మశాస్త్రమును ఆ భాషలోనికి తర్జుమా చేయ నారంభించిరి. క్రొత్త నిబంధనయు ఆ భాషలోనే వ్రాయబడెను. అయితే అది ప్లేటో వ్రాసిన సొగసైన గ్రీకు కాదు. పంతొమ్మిదవ శతాబ్దము చివర ఐగుప్తు ఇసుకలో వేలకొలది పాత కాగితములు, అనగా రసీదులు, పద్దులు, సిపాయిలు తల్లులకు వ్రాసిన ఉత్తరములు బయల్పడెను. క్రొత్త నిబంధన భాష ఈ సామాన్యుల భాషయేయని డైస్మన్ అను జర్మను పండితుడు నిరూపించెను. మసాలియా బట్టలకు బేరమాడిన వర్తకుని భాషయు, మార్కు సువార్త భాషయు ఇంచుమించు ఒకటే.

సువార్తికులు భాషను మాత్రమే గాక తలంపులను సైతము ధైర్యముగా పుచ్చుకొనిరి. ఎఫెసు నివాసియైన హెరాక్లిటసు యేసుకు అయిదువందల సంవత్సరముల ముందు, సమస్తమును నడిపించు నియమమునకు "లోగోస్" అని పేరు పెట్టెను. స్తోయికులు ఆ మాటను విరివిగా వాడిరి. యోహాను తన సువార్తను ఎఫెసులోనే వ్రాసెనని సంఘ పారంపర్యము. ఆయన ఆ మాటతోనే తన సువార్తను ఆరంభించెను. మన తెలుగు బైబిలులో అది "వాక్యము". అయితే ఆ వాక్యము శరీరధారి ఆయెనని ఆయన చెప్పినప్పుడు, ఏ గ్రీకు జ్ఞానియు ఊహింపని సంగతి ఆ పాత మాటలో ప్రవేశించెను.

అరేయొపగులో పౌలు చేసినదియు ఇట్టిదే. ఏథెన్సువారి బలిపీఠమును ఆధారము చేసికొని, వారి కవియైన అరాటసు పలుకును ఉదాహరించి, వారికి తెలిసినదానినుండి తెలియనిదానికి వారిని నడిపించెను. మృతుల పునరుత్థానమను మాట వచ్చువరకు వారు వినిరి. ఆ మాటతో కొందరు అపహాస్యము చేసిరి. దియొనూసి, దమరి మొదలైన కొందరు విశ్వసించిరి.

తరువాతి శతాబ్దములలో గ్రీకు తర్కము సంఘమునకు ఎంతో ఉపకరించెను. క్రీ.శ. 325లో నీకయ సభ, కుమారుడు తండ్రితో ఏకత్వముగలవాడని చెప్పుటకు గ్రీకు తత్త్వశాస్త్ర పదమునే ఎన్నుకొనెను. అగస్టీను ప్లేటో మతస్థుల గ్రంథములద్వారా ఒక మెట్టు ఎక్కి క్రీస్తునొద్దకు వచ్చెను. బాగ్దాదులోని పండితులు అరిస్టాటిలు గ్రంథములను అరబ్బీలోనికి తెచ్చి భద్రపరచిరి. వారి వ్యాఖ్యానములను చదివిన పదమూడవ శతాబ్దపు థామస్ అక్వినాసు, విశ్వాసమునకు బుద్ధికి వైరము లేదని బోధించెను. యూరపు విశ్వవిద్యాలయములు ఆ చదువుపై కట్టబడినవి. 1841లో మచిలీపట్నమునకు వచ్చిన రాబర్టు నోబులు కేంబ్రిడ్జిలోను, ఆయన సహచరుడు హెన్రీ ఫాక్సు ఆక్స్‌ఫర్డులోను చదివినవారు. గ్రీకు, లాటిను లేనిదే ఆ కాలమున అక్కడ చదువు లేదు. నోబులుగారు 1843లో తెరచిన పాఠశాల నేడు నోబులు కళాశాల. పెరిప్లస్ వర్తకుడు పేర్కొనిన తీరమునకే, పదునెనిమిది శతాబ్దముల పిమ్మట, గ్రీకు విద్య మరల ఓడలో వచ్చెనని చెప్పవచ్చును.

విడువవలసిన రెండు తలంపులు

స్వాస్థ్యములో ఆస్తితోపాటు అప్పులును ఉండును. గ్రీకు జ్ఞానమునుండి సంఘములోనికి ప్రవేశించిన రెండు తలంపులను మనము జాగ్రత్తగా పరీక్షింపవలెను.

మొదటిది శరీరమును గూర్చినది. శరీరము ఆత్మకు చెరసాలయని ప్లేటో బోధించెను. మన తెలుగువారును మరణమును గూర్చి మాటలాడునప్పుడు చిలుక పంజరము విడిచి ఎగిరిపోయినదందురు. ఈ రెండును కలియుటచేత, ఆత్మ రక్షింపబడిన చాలును, శరీరముతో మనకేమి అను బోధ మన ప్రసంగములలో సులువుగా చోటు చేసికొనుచున్నది. అపొస్తలుల విశ్వాస ప్రమాణములో మనము ప్రతి ఆదివారము ఒప్పుకొనునది శరీర పునరుత్థానము. అరేయొపగులో నవ్వులపాలైనది ఈ విశ్వాసమే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచివేసి వేలాది ప్రాణములను బలిగొనినప్పుడు, ఆత్మలను గూర్చి మాత్రమే ఎరిగిన సువార్తకు ఆ తీరమున చెప్పుటకు మాట ఏముండును? శవములను గౌరవముతో పాతిపెట్టుట, బ్రదికినవారికి గంజి, గుడ్డ, గూడు ఇచ్చుట ఆ దినములలో చేయవలసిన సువార్త సేవ. మన సంఘములు ఆ సహాయ కార్యములలో పాలుపొందెను. మిషను ఆసుపత్రులు నడిపినవారును ఈ విశ్వాసముననే నడిపిరి. ప్లేటోకు ఆసుపత్రి కట్టవలసిన అవసరము కనబడలేదు. శరీరధారియైన వాక్యమును నమ్మినవారికి కనబడెను.

రెండవది మనుష్యుని గూర్చినది. కొందరు పుట్టుకతోనే దాసులుగా ఉండదగినవారని అరిస్టాటిలు వాదించెను. ప్లేటో తన ఆదర్శ రాజ్యములో మనుష్యులను బంగారము, వెండి, ఇనుము, కంచు కలిసినవారిగా వేరుపరచెను. కంచు తండ్రికి బంగారు బిడ్డ పుట్టిన యెడల ఆ బిడ్డను పైకి తేవలెనని ఆయన చెప్పిన మాటను, స్త్రీలును రాజ్యమేలవచ్చునని ఒప్పుకొనిన మాటను మనము మరువరాదు. అయినను చేతిపని చేయువాడు తక్కువవాడనునది ఆ నాగరికత యంతటిలో స్థిరమైన అభిప్రాయము. ఈ మాట మన డెల్టాలో ఎవరికి క్రొత్త? మన పితరులలో అనేకులు పల్లెలలో, పేటలలో ఉండి, ఇతరుల పొలములు దున్ని, తోళ్లు కుట్టి, బట్టలు నేసి, ఊరి బావి దగ్గరకు రానియ్యబడనివారు. వడ్రంగియైన ప్రభువును, డేరాలు కుట్టిన అపొస్తలుని వారు తమవారని గుర్తించుటకు ఏ తత్త్వశాస్త్రమును అవసరము లేకపోయెను.

సభ తలుపు

సంఘమునకు గ్రీకులో ఉన్న మాట "ఎక్లేసియా". పౌలు కాలమునకు అయిదు శతాబ్దముల ముందే అది ఏథెన్సు రాజకీయములలో స్థిరపడిన మాట. చాటింపు విని పౌరులు నిక్స్ అను గుట్టపై కూడి, యుద్ధమును, పన్నులను, శాసనములను నిర్ణయించు సభకు ఆ పేరు. ఎఫెసు నాటకశాలలో కేకలు వేసిన గుంపును గూర్చి అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములోను ఈ మాటయే కలదు. మన బైబిలులో అక్కడ దానిని "సభ" అని సరిగా తర్జుమా చేసిరి. సామాన్యుడు లేచి నిలువబడి రాజ్యకార్యమును గూర్చి మాటలాడవచ్చుననుట లోకమునకు గ్రీకులిచ్చిన గొప్ప వరము. మన పాస్టరేటు జనరల్ బాడీలో చేయెత్తి ఓటు వేయు ప్రతివాడును ఆ గుట్టకు ఋణపడియున్నాడు.

అయితే ఆ సభకు ఒక తలుపుండెను. స్త్రీలకు అందులో చోటు లేదు. దాసులకు లేదు. తరతరములుగా ఏథెన్సులో కాపురమున్న పరదేశులకును లేదు. క్రీ.పూ. 451లో పెరిక్లీసు చేసిన శాసనముచేత, తలిదండ్రులిద్దరును ఏథెన్సువారైననే గాని ఒకడు పౌరుడు కాజాలడు. పుట్టుకయే ఆ తలుపునకు తాళము. సువార్తికులు ఆ మాటను తీసికొని ఆ తాళమును విరుగగొట్టిరి. గలతీయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయములో పౌలు, జాతిభేదము, దాస్యభేదము, స్త్రీపురుష భేదము అను మూడును క్రీస్తునందు లేకపోయెనని చెప్పునప్పుడు, ఏథెన్సు సభ బయట నిలువబెట్టిన మూడు గుంపులను పేరు పేరున లోపలికి పిలుచుచున్నాడు.

మన ప్రాంతమందును ఈ తలుపు ఒక్క దినమున తెరువబడలేదు. నోబులుగారి పాఠశాల అగ్రవర్ణముల బాలుర కొరకు ఉద్దేశింపబడినది. అంటరానివారని ఎంచబడినవారి పిల్లలకు మొదట అందులో ప్రవేశము లేకుండెను. 1852లో అయినాల భూషణముగారు, మంచాల రత్నముగారు బాప్తిస్మము పొందినప్పుడు, జాతి చెడుననే భయముతో విద్యార్థులు బడి విడిచిపోయిరి. పైనుండి జ్ఞానము దిగివచ్చినయెడల క్రింది వారికిని అందునని ఆనాటి ఆశ. దేవుడు వేరొక త్రోవ చూపెను. 1859లో రాఘవాపురపు మాలపల్లె పెద్ద పగోలు వెంకయ్యగారు, సత్యదేవుని వెదకుచు బెజవాడలోని డార్లింగు దొరగారి యొద్దకు తానే వచ్చెను. ఆయన వెనుక పల్లెలు కదలివచ్చెను. అరిస్టాటిలు లెక్కలోను, మన ఊరి లెక్కలోను సభలో నోరు విప్పరానివారు, సంఘములో పెద్దలు, ఉపదేశకులు, గురువులు అయిరి. 1912లో దోర్నకలుకు బిషప్పుగా అభిషేకింపబడిన వి. యస్. అజరయ్యగారు ఈ పల్లె సంఘముల మధ్యనే తన జీవితమును ధారపోసెను. 2013లో నంద్యాల అధ్యక్షఖండమునకు ఇ. పుష్పలలితగారు బిషప్పుగా అభిషేకింపబడుటతో, దక్షిణ ఇండియా సంఘములో మొదటిసారి ఒక స్త్రీ ఆ పీఠమున కూర్చుండెను. పెరిక్లీసు ఆ దినమున ఉండి చూచిన యెడల ఏమనుకొనియుండునో!

ఇంతమట్టుకు ఆనందింపదగినదే. కాని తలుపు పూర్తిగా తెరచియున్నదా? ఆదివారమున బల్లలు నింపువారు స్త్రీలు. పిడికెడు బియ్యము దాచి కానుక తెచ్చువారు స్త్రీలు. పాస్టరేటు కమిటీలో లెక్కింపగా ఎందరు కనబడుచున్నారు? ఒకే ప్రభువు బల్లయందు చేయి చాచిన మాల, మాదిగ కుటుంబములు పెండ్లి సంబంధమునొద్ద ఎందుకు ఆగిపోవుచున్నవి? పై కులములనుండి వచ్చిన విశ్వాసులు పల్లెలోని గుడికి రాకుండ వేరుగా కూడుకొనుటను మనము ఎందుకు సాధారణముగా ఎంచుచున్నాము? కూలికి పోవు సహోదరుడు జనరల్ బాడీలో లేచి లెక్కలడిగినప్పుడు, "నీకేమి తెలియును, కూర్చుండుము" అని చెప్పు స్వరము ఏథెన్సుది గాని యెరూషలేముది కాదు. ఎవరిని కూర్చుండబెట్టితిమో వారిలో సోక్రటీసు ప్రశ్న ఉండవచ్చును. అంతకంటె ముఖ్యముగా, ప్రభువు స్వరము ఉండవచ్చును.

థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక ఐదవ అధ్యాయములో పౌలు మనకొక జల్లెడ చేతికిచ్చెను: సమస్తమును పరీక్షించుట, మేలైనదానిని విడువకుండుట. గ్రీకులనుండి వచ్చిన ప్రశ్నించు ధైర్యమును, క్రమముగా ఆలోచించు అలవాటును, సభలో మాటలాడు హక్కును మనము చేపట్టుదము. శరీరమును, శ్రమను, పుట్టుకను బట్టి మనుష్యుని తక్కువచేయు తలంపు గ్రీకు వేషమున వచ్చినను, తెలుగు వేషమున వచ్చినను దానిని చెరిగి పారవేయుదము. మన యౌవనులు కాలేజీలలో తర్కము, విజ్ఞానము నేర్చుకొని సంఘమునకు వచ్చి ప్రశ్నలడిగిన యెడల వారిని విశ్వాసహీనులని తరుమక, పౌలు అరేయొపగులో నిలిచినట్లు వారి మధ్య నిలుచుదము.

డయోసీస్ అనగా ఇల్లు చక్కబెట్టుటయని మొదట చెప్పితిని. మన పితరులు కట్టిన ఇల్లు ఇది. రాబోవు నూరేండ్లలో దీని తలుపు ఎంత వెడల్పుగా తెరచియుండునో, అదే మన గృహనిర్వాహకత్వమునకు లెక్క. ఆ లెక్క అప్పగించు దినమున మనము సిగ్గుపడకుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయునుగాక.